కొండను ఎండబెట్టిన ఎల్లేశం

మన సినిమాల్లో కనిపించే తోటల్లో చాలా తోటలు ఎల్లేశంవే. ఫిల్మ్ నగర్ లోపలి రోడ్డులో బండరాతి వాలు మీద అతనికో నర్సరీ ఉంది. అక్కడ మొక్కలు అమ్మరు, కిరాయికిస్తారు. పొద్దున వ్యాన్ ఎక్కిన క్రోటన్లు సాయంత్రం దాకా ఏ జమీందారు వరండాలోనో నిలబడి, పొద్దుగూకే వేళకు తిరిగి వస్తాయి. ఒకే గులాబీ కుండీ ఒకే వారంలో ఒక పెళ్లింట్లోనూ, ఒక ఆసుపత్రిలోనూ, ఒక విలన్ గదిలోనూ ఉండి వచ్చిన సందర్భాలున్నాయి. ఆ సినిమాలు టీవీలో వచ్చినప్పుడు ఎల్లేశం తన మొక్కల్ని గుర్తుపట్టేవాడు. ముందు హీరోయిన్ ఏడుస్తుంటే ఇతను వెనకనున్న పామ్ మొక్క ఆకుల కొసలు మాడిపోయాయని బాధపడేవాడు. పక్కన కూర్చున్న భార్య శకుంతల కథ ఏమిటని అడిగితే చెప్పలేకపోయేవాడు.

అతనికి యాభై ఏడేళ్లు. నెమ్మదస్తుడు. ఒక్క అలవాటు మాత్రం అతని అదుపులో ఉండేది కాదు. మొక్క కనిపిస్తే నీళ్లు పోస్తాడు. తన మొక్కా పరాయి మొక్కా అని చూడడు. బ్యాంకుకు వెళ్తే అక్కడి కుండీలో సీసా వంచి వచ్చేవాడు. ఒక ప్రొడక్షన్ ఆఫీసులో సోఫా పక్కన పెట్టిన మనీప్లాంటుకు వెళ్లినప్పుడల్లా నీళ్లు పోసేవాడు. అది ప్లాస్టిక్‌దని వాళ్లు గమనించేసరికి సోఫా కాళ్లు ఉబ్బిపోయాయి. ఆఫీసు వాళ్లు అతణ్ణి ఏమీ అనలేదు. ఆ మొక్కనే లోపలి గదిలోకి మార్చుకున్నారు.

ఆ ఆఫీసు మేనేజరు సాయిశ్రీనివాసే ఒక ఎండాకాలం మొదట్లో ఎల్లేశం నర్సరీకి వచ్చాడు. ఆయనది ఏలూరు. గొంతు పెంచకుండానే మనిషిని కంగారుపెట్టగలడు. వాళ్ల కొత్త సినిమా ఒక గొర్రెల కాపరి కథ. అంతా వాన ముఖం చూడని ఒక ఎండుకొండ మీద జరుగుతుంది. దర్శకుడు క్రాంతికుమార్ అలాంటి కొండను రాయలసీమలో వెతికి పెట్టుకున్నాడు కూడా. కానీ హీరో పక్క ఫ్లోరులో ఇంకో సినిమాలో డాక్టరుగా చేస్తున్నాడు. మధ్యాహ్నం దాకా ఆపరేషన్లు చేసి, భోజనమయ్యాక గొర్రెలు కాయాలి. ఊరు దాటే వీలు లేదు. అందుకని కొండనే హీరో దగ్గరికి తేవాలని నిర్ణయమైంది.

స్టూడియో వెనక ఖాళీ జాగాలో పెద్ద బండ ఒకటి ఉంది. జూబ్లీ హిల్స్ పుట్టకముందు నుంచీ ఉన్న బండ. ఆర్ట్ డైరెక్టర్ దాన్ని నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి, కెమెరాలో రాయిలా కనిపించడం లేదని తేల్చాడు. దాని మీద ఆకుపచ్చ గుడ్డ కప్పించి, దాని ముందు ఫైబరు రాళ్లతో కొండ కట్టించాడు. లారీలతో ఎర్రమట్టి తోలించాడు. ఇక పొదలు కావాలి. బతికుండాలి గానీ చచ్చినట్టు కనపడాలి.

ఎల్లేశం తనకు తెలిసిన నర్సరీలన్నీ అడిగాడు. ముళ్లకంపల్ని కుండీలో పెంచేవాడు ఎక్కడా దొరకలేదు. చివరకు ఔటర్ రింగు రోడ్డు అవతల, వెంచరు కోసం ఒక గుట్టను జేసీబీతో చదును చేస్తుంటే చూసి ఆగాడు. అక్కడి సూపర్‌వైజరు సంతోషంగా ఎంత కావాలంటే అంత తీసుకుపొమ్మన్నాడు. బలుసు, పరికి, రేగు, కలే, తంగేడు, బందారు, సీతాఫలం, అన్నీ గుట్టల మీది పొదలే. వేళ్లకు అంటుకున్న మన్నుతో సహా గోనెల్లో కట్టి లారీకెక్కించారు. ఆ మన్నులో చీమలున్నాయి, చెదలున్నాయి, ఏయే గింజలున్నాయో ఎవరూ చూడలేదు. ఒక తొండ లారీ క్యాబిన్ మీద కూర్చుని జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దాకా తల ఆడిస్తూనే వచ్చింది.

పొదలు నాటాక క్రాంతికుమార్ వచ్చి చూశాడు. ఒక్క ఆకు లేదు. బూడిద రంగు పుల్లలు, ముళ్లు, ఎర్రమట్టి. అతను వంగి ఒక పుల్లను వేలితో తడిమాడు. తర్వాత, తన కథలోని దుఃఖమంతా ఈ పుల్లల్లోనే ఉందన్నాడు. ఇవి బతికే ఉన్నాయా అని అడిగాడు. ఎల్లేశానికి నిజంగా తెలియదు. క్రోటన్లూ గులాబీలూ అయితే చెప్పగలడు గానీ వీటి సంగతి అతనికి అంతు పట్టలేదు. అనుమానం వచ్చిన చోట ఏం చేస్తాడో అదే చేశాడు. పైపు పట్టాడు. సాయిశ్రీనివాస్ పరుగెత్తుకొచ్చి పైపు లాక్కుని, చుట్టచుట్టి తన కారు డిక్కీలో పెట్టి తాళం వేశాడు. అప్పటికే తడిసిన రెండు బలుసు పొదలు వారం తిరక్కుండా వేళ్లు కుళ్లి పడిపోయాయి.

మొదటి షెడ్యూల్లో హీరో తండ్రి చనిపోయే సీను. పరికి పొద కింద తండ్రి కొడుకు ఒళ్లో తల పెట్టుకుని, ఆకాశం చూస్తూ వాన గురించి ఏదో చెప్పబోవాలి. చెప్పబోవడం వరకూ తీశారు. ప్రాణం పోయేది మర్నాడు తీయాలి. ఆ మర్నాడు పక్క సినిమా వాళ్లు హీరోను లండన్ తీసుకుపోయారు. తండ్రి వేషం వేసిన పెద్దాయన సగం చచ్చి ఇంటికి వెళ్లాడు. గడ్డం తీయొద్దని, బరువు పెరగొద్దని చెప్పి పంపారు.

హీరో అటు వెళ్లగానే ఇటు వాన పడింది. ఏప్రిల్‌లో ఒక్కోసారి పడే ఉరుముల వాన. ఒక్క సాయంత్రం కురిసి పోయింది. రెండు మూడు రోజుల్లోనే పుల్లల కణుపుల దగ్గర పచ్చటి చుక్కలు లేచాయి. వారానికల్లా కొండంతా చిగురేసింది. సీతాఫలం పొదలు లేతాకులతో మెరిశాయి. ఎవరూ నాటని గడ్డి రాళ్ల సందుల్లోంచి లేచింది.

ఎల్లేశం ఆ పొద్దున కొండ ముందు నిలబడ్డాడు. ఇది తన బేరానికి ముప్పని అతనికి తెలుసు. అయినా తడి మన్నూ నలిగిన ఆకూ కలిసిన వాసన ముక్కుకు తగలగానే ఇంకోసారి గట్టిగా పీల్చాడు. ఇదే వాలు మీద, ఇక్కడ రోడ్లకు నంబర్లు రాకముందు, అతని తండ్రి మేకలు కాసేవాడు. ఎల్లేశం వెంట వెళ్లి కలేకాయలు తెంపి నిక్కరు జేబుల నిండా మరకలు చేసుకునేవాడు. ఇన్నేళ్లూ అది గుర్తుకే రాలేదు. వెనక నుంచి సాయిశ్రీనివాస్ వస్తున్న అడుగుల చప్పుడు వినిపించి, అతను మొహంలోని సంతోషాన్ని తీసేసి విచారం పెట్టుకున్నాడు.

“ఎల్లేశం గారూ, ఏంటండీ ఇది?” అన్నాడు సాయిశ్రీనివాస్ మెల్లగా.

“చిగురేసింది సార్.”

“అది కనిపిస్తోంది. సగం చచ్చిన మనిషి పచ్చకొండ మీద మిగతా సగం ఎలా చస్తాడండీ? హీరో వచ్చేలోగా దీన్ని ఎండబెట్టండి.”

“కొండనా?”

“కొండనే.”

ఎల్లేశం జీవితమంతా మొక్కలు ఎండకుండా చూసినవాడు. ఎండబెట్టడం అతనికి చేతకాదు. ఆకులు దూయడం తప్ప ఇంకేం తోచలేదు. మనుషులు కావాలంటే సాయిశ్రీనివాస్ జూనియర్ ఆర్టిస్టుల్ని పిలిపించాడు. వాళ్ల సంఘం తరఫున ఒకాయన వచ్చి, ఆకులు దూయడం కూలిపని అవుతుంది గానీ నటన కాదని, తమవాళ్లు నటన తప్ప వేరే పని చేయకూడదని అభ్యంతరం చెప్పాడు. తర్జనభర్జనల తర్వాత మధ్యేమార్గం దొరికింది. కాస్ట్యూమ్ వేసుకుంటే అది నటన కిందికి వస్తుంది. ఆ రోజు కాస్ట్యూమ్ వ్యాన్‌లో ఉన్నవి ఒక పెళ్లి సీను బట్టలు, ఒక పోలీస్ స్టేషన్ సీను బట్టలు. అందుకని పట్టుచీరలు కట్టిన ముత్తయిదువలూ, టోపీలు పెట్టుకున్న కానిస్టేబుళ్లూ కొండెక్కి, ముళ్లలోంచి ఒక్కో ఆకూ గిల్లడం మొదలుపెట్టారు. పరికి ముల్లుకు చీర చిక్కుకుంటే ఎస్సై వచ్చి విడిపించేవాడు. గోడ మీంచి ఎవరో వీడియో తీశారు. సాయంత్రానికి అది సినిమాలోని పెద్ద పాట అని పేరొచ్చింది. అభిమానులు స్టెప్పు బాగుందన్నారు.

పొదలకు ఆ పని నచ్చింది. గిల్లిన ప్రతి కణుపు దగ్గరా పక్కచిగుర్లు లేచాయి. ముందుకంటే గుబురుగా తయారైంది కొండ.

అప్పుడు క్రాంతికుమారే ఉపాయం చెప్పాడు. కథలో గొర్రెలతో పాటు మేకలూ ఉన్నాయి కదా, మేకల్ని తోలితే సరి అన్నాడు. ఎర్రగడ్డ వైపు నుంచి ఒక మంద వచ్చింది. ఆ రోజు చూడ్డానికి శకుంతల కూడా వచ్చి టిఫిన్ డబ్బాతో ఒక ఫైబరు రాయి మీద కూర్చుంది. మేకలు రేగును గీకేశాయి. బలుసును గీకేశాయి. పరికిని ముళ్లతో సహా నమిలాయి. సీతాఫలం వాసన చూసి మొహం తిప్పుకున్నాయి. తంగేడునూ బందారునూ తాకనైనా తాకలేదు. ఎంత తోలినా అంతే. దర్శకుడు మేకలకు సన్నివేశం వివరించాలని చూశాడు. ఒక మేక అతని మాటలు విని, శకుంతల కూర్చున్న రాయిని కొరికింది. లోపలి తెల్లటి థర్మోకోల్ బయటపడింది. మిగిలిన మేకలకు అది రుచించింది. అవి రాళ్లు తినడం మొదలుపెట్టాయి. కొన్ని వెనకున్న ఆకుపచ్చ గుడ్డను కూడా చించి అసలు బండెక్కి నిలబడ్డాయి. కాపరి వాటిని దించి తీసుకుపోయేసరికి కొండ మీద రాళ్లు తగ్గి, ఎరువు పెరిగింది.

“మేకలు తినని చెట్లే మిగిలినై. ఇగ గిది మస్తు పెరుగుతది,” అంది శకుంతల ఇంటికి పోతూ.

పెరిగింది. ఆఖరికి పెయింటర్లను పిలిచారు. సెట్లకు రంగులేసేవాళ్లు ఆకాకుకూ బూడిదరంగు కొట్టారు. ఫైబరు రాళ్లకు మాట్లు వేశారు. ఆ పని మాత్రం అద్భుతంగా కుదిరింది. రెండడుగుల దూరం నుంచి చూస్తే పచ్చి ఆకు ఎండుటాకులానే ఉంది. హీరో విమానం ఎక్కాడని కబురు వచ్చింది. తండ్రి పాత్ర పెద్దాయన మిగతా సగానికి సిద్ధమై వచ్చాడు.

ఆ ఉదయమే ఒక పెయింటరు, పరికి పొద కింద, సరిగ్గా తండ్రి తల పెట్టాల్సిన చోట ఒక పిట్ట కూర్చుని ఉందని చెప్పాడు. మన్ను రంగు పిట్ట. దగ్గరికి వెళ్లినా లేవలేదు. దాని రెక్క మీద కూడా ఇతను పొరపాటున బ్రష్షు తగిలించి ఉన్నాడు. కింద గుడ్లున్నాయి. ఎల్లేశం అది కౌజుపిట్ట అన్నాడు.

స్టూడియో గోడకు అవతలి ఇంట్లో విశాలాక్షి గారు ఉంటారు. ఉద్యోగ విరమణ చేసిన లెక్కల లెక్చరరు. పొద్దున్నే పార్కులో నడుస్తూ పిట్టల్ని చూసే బృందంలో ఆవిడ ఒకరు. కొద్ది రోజులుగా గోడ అవతల కౌజు కూత వినిపిస్తుంటే, ఎవరో సినిమా కోసం రికార్డు వేస్తున్నారనుకుని, ఎక్కడి రికార్డింగో కనుక్కుందామని బైనాక్యులర్ వేలాడేసుకుని ఆ పూటే గేటు దగ్గరికి వచ్చారు. పిట్టను చూశాక కొండ కింద ఫైబరు రాయి మీద కూర్చుండిపోయారు.

అడవి పిట్ట గూటిని కదిలిస్తే చట్టం ఊరుకోదని ఆవిడ మర్యాదగా చెప్పారు. పిల్లలు బయటికి వచ్చే దాకా ఎవరూ అటు వెళ్లకూడదు. సాయిశ్రీనివాస్ బేరానికి దిగాడు.

“అమ్మా, దీన్ని ఇంకో కొండ మీద పెట్టిద్దామండీ. ఏడో ఫ్లోరులో కైలాసం సెట్టు ఖాళీగానే ఉంది. ఏసీ కూడా ఉంది.”

“అది ఈ కొండను ఎంచుకుంది నాయనా,” అన్నారు విశాలాక్షి.

“ఇది కొండ కాదమ్మా. సెట్టు.”

“ఆ సంగతి దానికి చెప్పండి.”

సాయిశ్రీనివాస్ నిజంగానే పిట్ట వైపు తిరిగాడు. తర్వాత తాడు తెప్పించి కొండ చుట్టూ కట్టించాడు.

హీరో ఎయిర్‌పోర్టు నుంచి తిన్నగా వచ్చాడు. అతనితో ఏం గొడవ అవుతుందోనని అందరూ బిక్కచచ్చి ఉన్నారు. అతను తాడు దగ్గర గొంతుక్కూచుని, పిట్టను చాలాసేపు చూశాడు. అది కూడా అతణ్ణి చూసింది. పొదిగేదాన్ని లేపి నేను ఏడవలేను, ఇంకెక్కడైనా ఏడుస్తాను అన్నాడు. అలా తండ్రి మరణం ఆకుపచ్చ గుడ్డ పరిచిన ఒక గదిలో జరిగింది. కొండను కంప్యూటర్లో పెట్టే పని జూబ్లీ హిల్స్‌లోని ఒక గ్రాఫిక్స్ ఆఫీసుకు ఇచ్చారు. వాళ్లు ఎల్లేశం కొండ మొదటి ఫోటోలు చూసి, పుల్ల పుల్లకూ అచ్చుగుద్దినట్టు ఎండుకొండ చేశారు. క్రాంతికుమార్ అది చూసి, మరీ చచ్చినట్టుంది, నిజంగా లేదు, అక్కడక్కడా కొంచెం చిగురు పెట్టండి అన్నాడు.

పిల్లలు బయటికి వచ్చిన రోజు అక్కడ ఎల్లేశం, విశాలాక్షి, సాయిశ్రీనివాస్ ముగ్గురే ఉన్నారు. కౌజు ముందు నడిచింది. వెనక పిల్లలు గింజల్లా దొర్లుతూ వెళ్లాయి. ఫైబరు రాళ్ల దగ్గర ఆగలేదు. మేకలు చించిన గుడ్డ సందులోంచి లోపలికి దూరి, అసలు బండ నెర్రెల్లో మాయమయ్యాయి. సాయిశ్రీనివాస్ జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. రంగు వాసన పడలేదన్నాడు.

స్టూడియో వాళ్లకు జాగా కావాల్సి వచ్చింది. అక్కడ మంచు పాట తీయాలి. పొదల్ని పీకి పారేయమన్నారు. ఎల్లేశం నర్సరీలో చోటు లేదు. సరుకుగా చూస్తే ఆ పొదలు ఇంక దేనికీ పనికిరావు. సగం ఆకులు బూడిద రంగు, సగం పచ్చ. అయినా అతను వాటిని చెత్తలారీకి ఇవ్వలేకపోయాడు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండిపోయాడు.

“పెండ్లీడుకొచ్చిన పిల్లలా అవి? గంత ఫికర్ చేస్తున్నవ్,” అంది శకుంతల.

“ఒక గుట్ట పోతుంటే తీసుకొస్తి. మల్ల నేనే పారేయాల్నా?” అన్నాడు అతను.

అతని బాధను తీర్చింది విశాలాక్షి గారే. కొన్ని పొదల్ని తన పెరట్లో, ఇంకొన్నిటిని డాబా మీద పెద్ద తొట్లలో పెట్టించుకున్నారు. ఆవిడతో పార్కులో నడిచేవాళ్లు అవి చూసి ముచ్చటపడ్డారు. జూబ్లీ హిల్స్‌లో పచ్చికబయలు పాతబడిపోయిందని, ఇప్పుడు ఎండుకొండే అందమని మాట పుట్టింది. ఒక నిర్మాత భార్య తన ఈతకొలను పక్కన చిన్న గుట్ట పెట్టించింది. ఒక ఎముకల డాక్టరు మేడ మీద పెట్టించాడు. మిగిలిన పొదలన్నీ ఒక నెలలోనే అలా ఇళ్లకు చేరిపోయాయి.

ఆ తర్వాత చావడం మొదలుపెట్టాయి. లారీలో గోనెలో కట్టి తెస్తే చావలేదు. కానిస్టేబుళ్లు గిల్లితే, మేకలు నమిలితే, రంగు కొడితే చావలేదు. ఇక్కడ ఒక్కో ఇంట్లో తోటమాలి పొద్దున నీళ్లు పోశాడు, వంటమనిషి జాలిపడి మధ్యాహ్నం పోసింది, ఇంటావిడ ఇష్టంకొద్దీ సాయంత్రం పోసింది. డాక్టరైతే బొట్టుబొట్టుగా పడేలా పైపులు పెట్టించాడు, సెలైన్ ఎక్కించినట్టు. అన్నీ తెలిసిన విశాలాక్షి గారు కూడా ఒక్క గ్లాసే కదా అని రోజూ పోశారు. పలకరించడానికి వెళ్లిన ఎల్లేశం ఆవిడ లోపలికి వెళ్లగానే ఇంకో గ్లాసు పోశాడు. ఇద్దరూ కలిసి ఒక రేగునూ ఒక కలేనూ చంపాక ఒకరికొకరు చెప్పేసుకున్నారు.

“ఎల్లేశం గారూ, వీటికి కావలసింది తోటమాలి కాదండీ. కాపలా,” అన్నారు ఆవిడ. “రోజూ పొద్దున వచ్చి కూర్చోండి. ఎవరూ నీళ్లు పోయకుండా చూడండి. నన్ను కూడా.”

“నన్నెవరు చూస్తరమ్మా?” అన్నాడు ఎల్లేశం.

అందుకు శకుంతలను కుదుర్చుకున్నారు. డాక్టరూ, నిర్మాత భార్యా కూడా ఇదే పద్ధతిలో చేరారు. నర్సరీని తమ్ముడి కొడుక్కి అప్పగించి, ఎల్లేశం దంపతులు పొద్దున్నే బయల్దేరి ఇంటింటికీ వెళ్లి కూర్చునేవారు. నిర్మాత ఇంటి వాచ్‌మన్ మొదటిరోజు ఏం పని మీద వచ్చారని అడిగాడు. నీళ్లు పోయకుండా ఉండటానికని ఎల్లేశం చెప్పాడు. వాచ్‌మన్ లోపలికి ఫోన్ చేసి అదే మాట చెప్పాడు. లోపలి నుంచి, అవును, వాళ్లకు కుర్చీలు వెయ్యి అన్నారు.

ఎల్లేశానికి మొదట్లో కష్టంగా ఉండేది. చేతులు తెగ లాగేవి. శకుంతల చిక్కుడుకాయలు తెచ్చి వొలవమని ఒళ్లో పోసేది. కూర్చుని కూర్చుని అతను చూడటం మొదలుపెట్టాడు. ముళ్లపొద నీడలోనే కొత్త మొలక లేస్తుందని, చీమలు గింజల్ని ఎటు మోస్తున్నాయో అటు మర్నెల మొక్కలొస్తున్నాయని భార్యకు చూపించేవాడు. ఆమె చూసి, అవునంటూ చిక్కుళ్లు మళ్లీ అతని ముందుకు తోసేది.

సినిమా విడుదలైనప్పుడు సాయిశ్రీనివాస్ టికెట్లు పంపాడు. ఎల్లేశం కొండ ఒక్క షాట్‌లో, తండ్రి చెవి వెనక కనిపించింది. ఇంటికొచ్చాక శకుంతల అడగకుండానే అతను కథంతా చెప్పాడు. మొదటిసారి చెప్పగలిగాడు.

ఆ ఏడు వానలు బాగా పడి, భాద్రపదం వెళ్లేసరికి విశాలాక్షి గారి పెరటి తంగేడు గోడ మీదుగా పసుపుపచ్చగా విరగబూసింది. శకుంతల ఏటా బతుకమ్మకు ఎర్రగడ్డ మార్కెట్లో వాడిపోయిన పూలు కొనేది. ఈసారి ఆవిణ్ణి అడిగి ఒడినిండా కోసుకుంది. విశాలాక్షి గారిది బాపట్ల. ఎన్నాళ్లనుంచో ఇక్కడున్నా బతుకమ్మ పేర్చడం చేత్తో చేసి ఎరగరు. ఇద్దరూ డాబా మీద కూర్చుని వరస మీద వరస పేర్చారు. అది శకుంతల నడుమెత్తు వచ్చింది. ఆటోలో పట్టదని విశాలాక్షి గారు తన కారు తీయించారు. డ్రైవరు బతుకమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టి, ఒరగకుండా సీటు బెల్టు పెట్టి, పూలు వాడకుండా ఏసీ వేశాడు. ఆడవాళ్లిద్దరూ దానికి చెరోవైపు సర్దుకున్నారు. చోటు చాలక ఎల్లేశం ముందు సీట్లో కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. కారు ఫిల్మ్ నగర్ బస్తీ వైపు దిగింది. అక్కడ ఆడవాళ్లు అప్పటికే చప్పట్లు కొడుతూ వలయం కట్టి ఉన్నారు.